వెయ్యి మిల్లీగ్రాముల విటమిన్ సి మింగితే ఒంటికి పట్టేదెంత?

మీ ప్రశ్నను మొదట క్లుప్తంగా చెబుతాను, చదివే మిగతావారికీ తెలియాలి కనుక. మీ నాన్నగారికి 64 ఏళ్లు, మధుమేహం ఉంది. కరోనా రోజుల్లో మొదలుపెట్టిన 500 మి.గ్రా. విటమిన్ సి మాత్రను ఇప్పటికీ ఉదయం ఒకటి, రాత్రి ఒకటి చప్పరిస్తున్నారు. మూత్రం ముదురు పసుపుగా వస్తోంది. "చూశారా, మీ విటమిన్ అంతా బయటికే పోతోంది" అని మీ అన్నయ్య అంటారు. "పోయింది పోగా మిగిలినదైనా మంచిదే కదా" అని నాన్నగారు. అసలు ఒంటికి పట్టేదెంత, పోయేదెంత, మాత్ర మానేసి జామకాయ తింటే సరిపోతుందా అని మీరు అడిగారు.

నేను వైద్య కళాశాలలో జీవరసాయన శాస్త్రం బోధిస్తూ, ఆసుపత్రి ల్యాబు బాధ్యత కూడా చూసి పదవీ విరమణ చేసినవాణ్ణి. ఏటా విద్యార్థులకు ఈ పాఠం చెప్పేటప్పుడు వాళ్లు అడిగే మొదటి ప్రశ్న కూడా దాదాపు ఇదే.

ముందు ఆ పసుపు రంగు సంగతి తేల్చేద్దాం. విటమిన్ సికి రంగు లేదు. చప్పరించే మాత్రకున్న నారింజ రంగు తయారీదారు వేసినది. మూత్రాన్ని గాఢమైన పసుపు చేసేది రైబోఫ్లేవిన్, అంటే బి2. నాన్నగారు బి-కాంప్లెక్స్ మాత్ర కూడా వేసుకుంటున్నారేమో చూడండి. లేదంటే నీళ్లు తక్కువ తాగుతున్నారు. అన్నయ్య చూపించిన సాక్ష్యం చెల్లదు కానీ, ఆయన వాదనలో నిజం ఉంది.

విటమిన్ సి, అంటే ఆస్కార్బిక్ ఆమ్లం, చిన్న పేగు గోడను దానంతటదే దాటలేదు. అక్కడి కణాల మీద దాన్ని పట్టి లోపలికి చేరవేసే ప్రొటీన్లు ఉంటాయి. సోడియంతో జత కట్టించి లాగుతాయి. వీటి జన్యువులను 1999లో గుర్తించారు. పేగులోనూ మూత్రపిండంలోనూ పనిచేసేదానికి ఎస్‌వీసీటీ1 అనీ, మెదడు, ఎముక, మూత్రపిండం మీద ఉండే అడ్రినల్ గ్రంథి వంటి మిగతా చోట్ల పనిచేసేదానికి ఎస్‌వీసీటీ2 అనీ పేర్లు. రేవులో ఉన్న పడవలు నాలుగే అనుకోండి. పదిమంది వస్తే అందరూ దాటుతారు, వెయ్యిమంది వస్తే ఎక్కువమంది ఒడ్డునే ఉండిపోతారు. అలా పేగులో ఉండిపోయిన ఆస్కార్బిక్ ఆమ్లం నీటిని తన వైపు లాగుతుంది. ఒక్కసారిగా రెండు మూడు గ్రాములు మింగినవాళ్లకు కడుపు ఉబ్బరం, నీళ్ల విరేచనాలు వచ్చేది అందుకే.

ఎన్ని దాటుతాయన్నది ఊహ కాదు, కొలిచి చూశారు. అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థలో మార్క్ లెవిన్ బృందం ఆరోగ్యంగా ఉన్న ఏడుగురు యువకులను నెలల తరబడి ఆసుపత్రిలోనే ఉంచి, విటమిన్ సి దాదాపు లేని తిండి పెట్టి, దాన్ని విడిగా 30 మి.గ్రా. నుంచి 2,500 మి.గ్రా. దాకా మెట్టు మెట్టుగా పెంచుతూ ఇచ్చింది. ఫలితాలు 1996లో వచ్చాయి. నేను తరగతిలో బోర్డు మీద గీసే గీత అదే, కొలత మైక్రోమోల్‌లలో, అంటే రక్తంలో ఎన్ని అణువులున్నాయో చెప్పే లెక్కలో. రోజుకు 30 మి.గ్రా. ఇచ్చినప్పుడు రక్తంలో లీటరుకు పది మైక్రోమోల్‌ల లోపే ఉంది. 100కు పెంచేసరికి 55 దాటింది. 200 దగ్గర 65 చేరింది. అక్కడి నుంచి గీత పడుకుంది. 1,000 ఇచ్చినా 75 చుట్టూనే. అంటే 30 నుంచి 100కు వెళ్లినప్పుడు రక్తంలో మట్టం ఐదారు రెట్లు పెరిగింది, 200 నుంచి 1,000కి వెళ్లినప్పుడు ఆరో వంతు కూడా పెరగలేదు. ఒకేసారి ఇచ్చిన 200 మి.గ్రా. దాదాపు మొత్తం రక్తంలోకి చేరింది. 1,250 ఇస్తే సగం కూడా చేరలేదు.

పేగు దాటి వచ్చినదంతా ఉండిపోతుందా అంటే, అదీ లేదు. మూత్రపిండం రక్తాన్ని వడకట్టేటప్పుడు విటమిన్ సి కూడా వడపోతలోకి దిగిపోతుంది. ఆ గొట్టాల గోడల మీద ఉన్న ఎస్‌వీసీటీ1 దాన్ని ఏరి మళ్లీ రక్తంలోకి పంపుతుంది. ఒంట్లో కరువుగా ఉన్నప్పుడు చుక్క కూడా వదలదు. అదే పరిశోధనలో 60 మి.గ్రా. మోతాదు దాకా ఏడుగురిలో ఆరుగురి మూత్రంలో విటమిన్ సి కనిపించలేదు. దాదాపు 100 దగ్గర మొదలైంది. 500, ఆ పైన మోతాదుల్లో, పేగు దాటి వచ్చిన కొద్దిపాటి అదనం కూడా దాదాపు అంతా మూత్రంలోనే తేలింది. కాబట్టి నాన్నగారు చప్పరించే వెయ్యిలో కొంత పేగులోనే ఆగుతుంది, మిగతాదాంట్లో చాలా భాగం కొద్ది గంటల్లో బాత్రూమ్ దారి పడుతుంది. "మిగిలినదైనా" అని ఆయన అంటున్నది, 200 మి.గ్రా. తిన్నా మిగిలేదే.

మరి దాచుకునేది ఎక్కడ? కొవ్వులో కరిగే ఎ, డి విటమిన్లలాగా దీనికి ప్రత్యేకమైన గాదె లేదు. నిండుగా ఉన్న మనిషి ఒంట్లో మొత్తం ఒకటిన్నర గ్రాముల చుట్టూ ఉంటుంది, అంటే చెంచా నిండా కూడా రాదు. అది కూడా సమానంగా పరచుకుని ఉండదు. తెల్ల రక్తకణాలు, అడ్రినల్ గ్రంథి, పిట్యూటరీ, మెదడు, వీటిలో రక్తంలో ఉన్నదానికి పదుల రెట్లు పోగవుతుంది. కరువు వచ్చినప్పుడు మెదడు అందరికంటే చివర ఖాళీ అవుతుంది. తెల్ల కణాలైతే రోజుకు 100 మి.గ్రా. అందితే చాలు, నిండిపోతాయి. ఆ తరువాత ఎంత పోసినా పట్టవు. "రోగనిరోధక శక్తికి వెయ్యి" అని డబ్బా మీద రాసే మాటను నేను నమ్మకపోవడానికి కారణం ఇదే.

ఇక్కడ నాకు అన్నిటికంటే ఇష్టమైన ముక్క చెప్పాలి, మీరు అడగకపోయినా. మేక తన కాలేయంలో గ్లూకోజు నుంచి రోజూ గ్రాముల లెక్కన విటమిన్ సి తయారు చేసుకుంటుంది. కుక్క, పిల్లి, ఎలుక, అన్నీ చేసుకుంటాయి. మనం, కోతులు, గినీ పందులు చేసుకోలేం. ఆఖరి మెట్టుకు కావలసిన ఎంజైమ్ జన్యువు మన పూర్వీకుల్లో కోట్ల ఏళ్ల కిందటే పాడైంది. మరి మేకకు గ్రాములు కావలసిన చోట మనం మిల్లీగ్రాములతో ఎలా నెట్టుకొస్తున్నాం?

పొదుపుతో. విటమిన్ సి పని చేసేటప్పుడు ఎలక్ట్రాన్లు ఇచ్చేసి డీహైడ్రోఆస్కార్బిక్ ఆమ్లంగా మారుతుంది. ఇది నిమిషాల్లో శిథిలమైపోయే రకం. కానీ దీని ఆకారం గ్లూకోజును పోలి ఉండటం వల్ల గ్లూకోజు వెళ్లే ద్వారాల గుండా కణాల్లోకి దూరగలదు. లోపల గ్లూటాథయోన్ అనే కణాల సొంత రక్షక పదార్థం దాన్ని తిరిగి విటమిన్ సిగా మార్చేస్తుంది. మన ఎర్ర రక్తకణాల మీద ఆ ద్వారాలు, అంటే గ్లట్1 ప్రొటీన్లు, కిక్కిరిసి ఉంటాయి. ఎందుకన్ని అనేది చాలాకాలం చిక్కుముడే. విటమిన్ సి తయారు చేసుకోలేని జంతువుల ఎర్ర కణాల మీదే అవి అలా ఉంటాయనీ, వాటి ముఖ్యమైన పని వాడేసిన విటమిన్ సిని లోపలికి తీసుకోవడమేననీ 2008లో తేలింది. ఎదిగిన ఎలుక ఎర్ర కణాల మీద ఆ ద్వారాలు లేవు, దానికి అవసరమూ లేదు. సొంతంగా చేసుకునే శక్తి పోగొట్టుకున్న మనం పాత సామాను బాగుచేసి వాడుకోవడం నేర్చుకున్నామన్నమాట.

ఈ పొదుపు ఎంత గట్టిదో తెలియాలంటే రెండో ప్రపంచ యుద్ధకాలంలో ఇంగ్లండులోని షెఫీల్డ్‌లో స్వచ్ఛందంగా స్కర్వీ, అంటే విటమిన్ సి కరువుతో చిగుళ్లు పాడై ఒంటి మీద మచ్చలొచ్చే జబ్బు, తెచ్చుకున్నవాళ్లను చూడాలి. రోజుకు పది మిల్లీగ్రాములు ఇస్తే చాలు, వాళ్ల చిగుళ్లు, మచ్చలు మానిపోయాయి. పది మిల్లీగ్రాములంటే ఒక నిమ్మకాయ రసంలో ఉండేంత. తాజా మాంసంలోనూ కాస్త ఉంటుంది. మొదటి ప్రపంచ యుద్ధంలో, 1915 డిసెంబరు నుంచి 1916 ఏప్రిల్ దాకా ఇప్పటి ఇరాక్‌లోని కూట్ పట్టణంలో ముట్టడిలో చిక్కుకున్న బ్రిటిష్ ఇండియా సేనలో గుర్రపు మాంసం తినడానికి ఒప్పుకోని భారతీయ సైనికులకు స్కర్వీ వచ్చింది. మాంసం తిన్న బ్రిటిష్ సైనికులు దాన్ని తప్పించుకున్నారు కానీ, తెల్ల పిండి రొట్టెల వల్ల బెరిబెరి, అంటే బి1 విటమిన్ లోపంతో వచ్చే జబ్బు, పాలయ్యారు.

ఇక ఒంట్లో దాని పని. అన్నిటికంటే పెద్దది కొల్లాజెన్. చర్మం, ఎముక, రక్తనాళాల గోడ, పంటి చిగుళ్లు, వీటిని పట్టి ఉంచే తాడు అది. మూడు పోగులు పేనితే ఒక కొల్లాజెన్ తాడు. పేనిన తాడు విడిపోకుండా ఉండాలంటే పోగుల్లో ఉన్న ప్రొలీన్ అనే ముక్కలకు ఆక్సిజన్ తగిలించాలి. ఆ పని చేసే ఎంజైమ్ గుండెలో ఒక ఇనుప అణువు ఉంటుంది. ఒక్కోసారి ఆ ఇనుము ఎలక్ట్రాను పోగొట్టుకుని తుప్పు పట్టినట్టు మొరాయిస్తుంది. విటమిన్ సి ఒక ఎలక్ట్రాను ఇచ్చి దాన్ని మళ్లీ పనిలోకి దింపుతుంది. అంతే దాని పాత్ర. తాడులో తాను భాగం కాదు. ఆ ఆక్సిజన్ తగలని తాడు 24 డిగ్రీల సెల్సియస్ దగ్గరే విడిపోతుంది, మన ఒంటి వేడి 37. మనిషి ఎప్పుడూ పాత కొల్లాజెన్‌ను కరిగించి కొత్తది పేనుకుంటూనే ఉంటాడు కనుక, విటమిన్ సి లేనప్పుడు పాత తాడు పోతుంది, కొత్త తాడు నిలవదు.

1740లో బయలుదేరిన బ్రిటిష్ నౌకాధిపతి జార్జ్ ఆన్సన్ ప్రయాణ వృత్తాంతంలో ఒక నావికుడి సంగతి ఉంది. ఎప్పుడో 1690లో జరిగిన బాయిన్ యుద్ధంలో తగిలి, మానిపోయి యాభై ఏళ్లైన గాయాలు అతనికి స్కర్వీతో మళ్లీ తెరుచుకున్నాయి. అతికిన ఎముక కూడా విడిపోయింది. మానిన గాయం అంటే ముగిసిపోయిన పని కాదు, రోజూ జరుగుతూ ఉండే మరమ్మతు అని విద్యార్థులకు చెప్పడానికి నాకు ఇంతకంటే మంచి ఉదాహరణ దొరకలేదు. 1939లో జాన్ క్రాండన్ అనే యువ శస్త్రవైద్యుడు తన మీదే ప్రయోగం చేసుకున్నాడు. విటమిన్ సి పూర్తిగా మానేసి మూడో నెలలో వీపు మీద కోత పెట్టించుకుంటే మామూలుగానే మానింది. ఆరు నెలలకు పెట్టించుకున్న కోత లోపల మానలేదు. విటమిన్ సి ఇచ్చాక మానింది.

మిగతా పనులు త్వరగా చెప్పేస్తాను. నరాలు సందేశాలకు వాడే రసాయనాల్లో డోపమిన్‌ను నారడ్రినలిన్‌గా మార్చే ఎంజైమ్‌కు ఇది కావాలి. కండరాలు కొవ్వును మండించడానికి కావలసిన కార్నిటిన్ తయారీకీ కావాలి. స్కర్వీలో చిగుళ్ల కంటే ముందు నీరసం, చిరాకు రావడానికి ఇవే కారణాలు కావచ్చని పుస్తకాలు చెబుతాయి. అరిగిపోయిన విటమిన్ ఇని తిరిగి నిలబెట్టేదీ ఇదే.

ఇనుము సంగతి మాత్రం మన భోజనానికి బాగా దగ్గరిది. ఆకుకూరల్లో, పప్పుల్లో ఉండే ఇనుము పేగుకు తేలిగ్గా అందే రూపంలో ఉండదు. అదే భోజనంలో విటమిన్ సి ఉంటే ఇనుమును అందే రూపంలోకి మార్చి, కరిగి ఉండేలా పట్టుకుంటుంది. తోటకూర పప్పు మీద నిమ్మకాయ పిండుకోవడం వల్ల లాభం ఇదే, అయితే ఆ రెండూ ఒకే కంచంలో ఉండాలి. పొద్దున జామకాయ, రాత్రి పప్పు అంటే కుదరదు. ఇనుము మాత్రలు వేసుకునేవాళ్లకు మరో విటమిన్ సి మాత్ర కలిపితే పెద్దగా తేడా రాలేదని 2020లో వచ్చిన ఒక పరిశోధన చూపింది. కాఫీ, టీలతో ఇనుము మాత్ర వేసుకోకపోవడం అంతకంటే ముఖ్యం.

జలుబు గురించి మీరు అడగలేదు కానీ, నాన్నగారు మాత్ర మొదలుపెట్టింది ఆ ఉద్దేశంతోనే కాబట్టి చెబుతున్నాను. జరిగిన పరీక్షలన్నీ కలిపి చూస్తే, రోజూ వేసుకునేవాళ్లకు జలుబులు తగ్గలేదు. వచ్చిన జలుబు పెద్దవాళ్లలో సుమారు 8 శాతం తక్కువ కాలం ఉంది, అంటే వారం జలుబులో అర రోజు. జలుబు వచ్చాక మొదలుపెడితే ఆ అర రోజుకూ నమ్మకం లేదు. మారథాన్ పరుగు వీరులు, మంచులో కవాతు చేసే సైనికులు వంటివాళ్లలో మాత్రం జలుబులు దాదాపు సగానికి తగ్గాయి. నాన్నగారి ఉదయపు నడక ఆ లెక్కలోకి రాదు.

ఇప్పుడు నాన్నగారికి నేరుగా సంబంధించిన మాట. మా ల్యాబులో ఒకసారి మధుమేహం ఉన్న ఒక పెద్దాయన మూత్రం స్ట్రిప్ మీద చక్కెర లేదని వచ్చింది. అదే గంటలో తీసిన రక్తంలో చక్కెర 290. టెక్నీషియన్ నమూనాలు తారుమారయ్యాయేమోనని కంగారుపడి మళ్లీ తీసుకొచ్చాడు, మళ్లీ అదే. అడిగితే ఆయన జేబులోంచి చప్పరించే మాత్రల పట్టీ తీసి చూపించారు. ఆ స్ట్రిప్ మీద గ్లూకోజు నుంచి హైడ్రోజన్ పెరాక్సైడ్ పుట్టి, అది రంగు తేవాలి. మూత్రంలో దండిగా ఉన్న విటమిన్ సి ఆ పెరాక్సైడ్‌ను మధ్యలోనే మింగేస్తుంది, రంగు రాదు. మూత్రంలో రక్తం ఉన్నా అదే కారణంగా కనిపించకపోవచ్చు. తమాషా ఏమిటంటే మేము చదువుకునే రోజుల్లో వాడిన బెనెడిక్ట్ ద్రావణంతో చూస్తే దీనికి తలకిందులు. విటమిన్ సి ఆ ద్రావణంలోని రాగిని తానే మార్చేసి, లేని చక్కెరను ఉన్నట్టు చూపిస్తుంది. వేలి నుంచి చుక్క తీసి చూసుకునే గ్లూకోమీటర్లలో నోటి మాత్రల వల్ల పెద్ద తేడా సాధారణంగా రాదు కానీ, విటమిన్ సిని నరం ద్వారా ఎక్కించినప్పుడు చాలా మీటర్లు చక్కెరను ఎక్కువగా చూపిస్తాయి. చర్మం తెల్లబడుతుందని ఆ సెలైన్లు ఎక్కించుకునే వెర్రి ఇప్పుడు ఉంది. దాని జోలికి పోవద్దని మాత్రం చెబుతాను. నరంలోకి ఎక్కిస్తే పేగు దగ్గర ఉన్న కట్టడి ఉండదు. ఎర్ర కణాలను కాపాడే జి6పీడీ అనే ఎంజైమ్ లోపం ఉన్నవాళ్లకు ఎర్ర కణాలు పగిలిపోయే ప్రమాదం ఉంది.

ఇంకో సంగతి, రాళ్లు. విటమిన్ సి ఒంట్లో విచ్ఛిన్నమైనప్పుడు కొంత ఆక్సలేట్ అవుతుంది, మూత్రపిండాల్లో రాళ్లు చాలావరకు కట్టేది దానితోనే. స్వీడన్‌లో ఇరవై మూడు వేల మందికి పైగా పురుషులను ఏళ్ల తరబడి గమనించి 2013లో ప్రచురించిన లెక్కల్లో, విటమిన్ సి మాత్రలు వాడేవాళ్లకు మూత్రపిండాల్లో రాళ్లు వచ్చే అవకాశం దాదాపు రెట్టింపు కనిపించింది. నాన్నగారికి ఎప్పుడైనా రాయి వచ్చి ఉన్నా, మూత్రపిండాల పనితీరు చెప్పే రక్తపరీక్ష క్రియాటినిన్ ఎక్కువగా ఉన్నా, ఈ వెయ్యి మి.గ్రా. గురించి ఆయన వైద్యుడితో ఈ వారమే మాట్లాడండి. చప్పరించే మాత్ర పుల్లదనం పళ్ల ఎనామిల్‌కూ మంచిది కాదు, రాత్రి పడుకునే ముందైతే మరీను. నీళ్లలో వేస్తే బుస్సున పొంగే రకం మాత్రల్లో సోడియం ఉంటుంది, రక్తపోటు ఉన్నవాళ్లు అది చూసుకోవాలి.

మరి ఎంత కావాలి? మన హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2020లో సవరించిన లెక్క ప్రకారం పెద్దవాళ్లలో పురుషులకు రోజుకు 80 మి.గ్రా., స్త్రీలకు 65. పాలిచ్చే తల్లులకు ఇంకో 50 ఎక్కువ. పొగతాగేవాళ్లకు కూడా ఎక్కువ కావాలి, పొగ దాన్ని తగలేస్తుంది. వంద గ్రాముల జామకాయలో 200 మి.గ్రా.కు పైగా ఉంటుంది. ఓ మోస్తరు కాయలో సగం తిన్నా రోజు గడిచిపోతుంది. మధుమేహం ఉన్నవాళ్లు మరీ మగ్గినది కాకుండా దోరగా ఉన్నది తింటే మేలు. బొప్పాయి వంద గ్రాముల్లో 40 నుంచి 60 దాకా, నారింజలో 40 పైచిలుకు. ఉసిరికి పాత పట్టికల్లో 600 అని ఉండేది, కొత్త పట్టికలో బాగా తగ్గించారు, అయినా జామకు తీసిపోదు. మాత్రలో ఉన్నదీ కాయలో ఉన్నదీ ఒకే అణువు, ఒంటికి తేడా తెలియదు. "సహజమైన విటమిన్ సి" అని మూడు రెట్లు ధర పెట్టి అమ్మేవాళ్ల మాట వినకండి. కాయ తింటే పీచు, పొటాషియం కలిసి వస్తాయన్నదే లాభం.

వండితే పోతుందా అంటే, పోతుంది. వేడికి కొంత, ఉడికించి వార్చిన నీళ్లలో ఇంకొంత, గాలి తగిలి మరికొంత. ఎండబెట్టి పొడి చేసిన మునగాకులో ఇతర పోషకాలు ఉంటాయి కానీ, పచ్చి ఆకులో ఉన్న విటమిన్ సి చాలా భాగం ఎండకే పోతుంది. పులుపు దాన్ని కొంత కాపాడుతుంది, రాగి పాత్ర మాత్రం దానికి శత్రువు. నిమ్మకాయ పులిహోర కలిపేటప్పుడు పోపు దించి, కాస్త చల్లారాక రసం పోస్తారు కదా. చేదెక్కకుండా అని మా అమ్మ చెప్పేది. విటమిన్ సికీ అదే సరైన పద్ధతి. ఎండు పెసల్లో దాదాపు ఏమీ ఉండదు, మొలకెత్తిస్తే కొంత పుడుతుంది. పచ్చిగానే కాస్త నిమ్మరసంతో తినమనండి.

నేను నిజంగా బెంగపడేది రోజూ వెయ్యి మింగేవాళ్ల గురించి కాదు. ఒంటరిగా ఉంటూ టీ, రొట్టె, పెరుగన్నంతో రోజులు గడిపేసే వృద్ధుల గురించి. అలాంటి ఒకాయన కాళ్ల మీద మచ్చలతో వస్తే రక్తం గడ్డకట్టే పరీక్షలన్నీ చేశాం, అన్నీ బాగున్నాయి. చివరికి ఒక జూనియర్ వైద్యురాలు భూతద్దం పెట్టి చూసి, వెంట్రుకలు స్క్రూలా మెలితిరిగి ఉన్నాయని, ఒక్కో వెంట్రుక మొదట్లో చిన్న రక్తపు చుక్క ఉందని చెప్పింది. ఎన్నాళ్లైంది పండు తిని అని అడిగితే ఆయనకు గుర్తు రాలేదు. రెండు వారాల్లో మచ్చలు మాయమయ్యాయి.

కాబట్టి మీ ఇంటికి నా సలహా: రాళ్లు, మూత్రపిండాల ఇబ్బంది లేకపోతే కంగారు పడాల్సినదేమీ లేదు. నాన్నగారు ఇష్టపడితే మాత్రలు మానేసి, రోజూ సగం జామకాయ మధ్యాహ్న భోజనంతో తినమనండి. మానడానికి ఒప్పుకోకపోతే 100 మి.గ్రా. మాత్ర ఒకటి చాలు. చక్కెర పరీక్షకు వెళ్లే ముందు రెండు మూడు రోజులు మాత్ర ఆపి, ల్యాబులో ఆ మాట చెప్పమనండి. పసుపు రంగు విషయానికి, ఆయన వేసుకునే మాత్రల పట్టీలన్నీ ఒకసారి బల్ల మీద పెట్టించి పేర్లు చదవండి.